బీవైయూ–పాత్‌వే: పిలుపు, పిల్లలు, చదువు ఒకే వారంలో ఇముడుతాయా?

వార్డులో, అంటే స్థానిక సంఘంలో, బరువైన పిలుపు (జీతం లేని సంఘ బాధ్యత) మోస్తూ, ఇంట్లో పిల్లల్ని బడికి పంపుతూ, ఎప్పుడో ఆగిపోయిన డిగ్రీని మళ్లీ అందుకోవాలనుకునే సహోదరులూ సహోదరీలూ పాత్‌వే అనే ఆన్‌లైన్ కాలేజీ చదువు గురించి ముందుగా అడిగేది ఫీజు. దానికంటే ముందు గంటల లెక్క అడగాలి. ఫీజు తగ్గించుకోవడానికి దారులున్నాయి, వారానికి ఎనిమిదో రోజు మాత్రం ఎవరూ తెచ్చివ్వలేరు. అందుకే ఈ సమీక్షలో బీవైయూ–పాత్‌వే వరల్డ్‌వైడ్ చదువును ప్రధానంగా ఒకే తక్కెడలో తూచాం: వారానికి ఎన్ని గంటలు పడుతుంది, ఏ రోజు, ఏ వేళ.

ఈ సంఘంతో పరిచయం లేనివారికి రెండు మాటలు. బయటివాళ్లు మార్మన్లని పిలిచే యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘంలో స్థానికంగా జీతం తీసుకునే పాస్టరు ఉండడు. బిషప్ కూడా పగలు తన ఉద్యోగం చేసుకుని, సాయంత్రాలూ ఆదివారాలూ సంఘానికి ఇస్తాడు. ఆ బాధ్యత మామూలుగా ఐదేళ్ల దాకా ఉంటుంది. ఉపశమన సమాజం (మహిళల సంస్థ) అధ్యక్షురాలు, పెద్దల సమూహం (పురుషుల సమూహం) అధ్యక్షుడు, ప్రాథమిక తరగతి (పిల్లల తరగతి) బోధకురాలు, లెక్కలు రాసే గుమాస్తా, అందరూ అంతే. దీన్నే పిలుపు అంటారు. 2012లో హైదరాబాదులో భారతదేశపు మొదటి స్టేకు (కొన్ని వార్డుల సముదాయం) ఏర్పడింది, తరవాత రాజమండ్రిలోనూ స్టేకు వచ్చింది. కాబట్టి ఈ చదువు గురించి తెలుగులో మాట్లాడుకోవాల్సిన కుటుంబాలు మన దగ్గర తక్కువేమీ లేవు.

పాత్‌వే 2009లో అమెరికాలో ఈ సంఘానికే చెందిన బీవైయూ–ఐడహో విశ్వవిద్యాలయం (బీవైయూ అంటే బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ) మూడు ఊళ్లలో మొదలుపెట్టిన చిన్న ప్రయోగం. 2017లో బీవైయూ–పాత్‌వే వరల్డ్‌వైడ్ పేరుతో విడి సంస్థ అయింది. ఇప్పుడు 180కి పైగా దేశాల్లో విద్యార్థులున్నారు. సంఘ సభ్యులు కానివారూ చేరవచ్చు, ప్రవర్తనా నియమావళికి మాత్రం ఒప్పుకోవాలి. ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకోండి: డిగ్రీ పట్టా పాత్‌వే ఇవ్వదు. రెక్స్‌బర్గ్‌లోని బీవైయూ–ఐడహో గానీ, సాల్ట్ లేక్ సిటీలోని ఎన్‌సైన్ కాలేజీ గానీ ఇస్తుంది. ప్రోవోలో ఉన్న పెద్ద బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం వేరు. పెళ్లి సంబంధాల దగ్గరా ఉద్యోగ దరఖాస్తుల్లోనూ ఈ మూడు పేర్లనూ కలిపేసి చెప్పడం తరచూ జరుగుతోంది. దానివల్ల తరవాత ఇబ్బంది పడేది విద్యార్థే.

మొదటి మెట్టు పాత్‌వేకనెక్ట్. ఇది మొదటినుంచీ ఏడాది పాటు మూడు సెమిస్టర్లుగా నడిచింది. సెమిస్టరుకి రెండు కోర్సులు: ఒకటి జీవన నైపుణ్యాలు, ఉద్యోగ నైపుణ్యాలు, విశ్వవిద్యాలయ నైపుణ్యాలు అనే వరసలో వచ్చేది, రెండోది మత విద్య. చదువు మానేసి పదేళ్లయినవాళ్లని మళ్లీ పుస్తకం ముందు కూర్చోబెట్టడానికి దీన్ని తయారుచేశారు, ఆ పని నిజంగా చేస్తుంది. కాలపట్టిక వేసుకోవడం, ఇంటి బడ్జెట్ రాయడం, స్ప్రెడ్‌షీట్‌లో లెక్క కట్టడం, నాలుగు పేరాలు తప్పుల్లేకుండా ఇంగ్లీషులో రాయడం, అన్నీ వారం వారం చిన్న చిన్న ముక్కలుగా వస్తాయి. గృహిణికైనా ఫ్యాక్టరీ షిఫ్టుల్లో పనిచేసే మనిషికైనా ఈ ముక్కల పద్ధతే అసలైన మేలు.

ఇక గంటలు. అమెరికా లెక్కలో ఒక క్రెడిట్ అంటే సెమిస్టరు పొడుగునా వారానికి దాదాపు మూడు గంటల పని. మూడు క్రెడిట్ల కోర్సు, రెండు క్రెడిట్ల మత విద్య కలిస్తే వారానికి పదిహేను గంటలు. ఇంగ్లీషు నెమ్మదిగా చదివేవారికి ఇది ఇరవై దాకా పోతుంది. పిలుపు సంగతి చూద్దాం. 2019 జనవరి నుంచి ఆదివారం కూడికలు మూడు గంటల నుంచి రెండు గంటలకు తగ్గాయి. అది పెద్ద ఊరటే. కానీ నాయకత్వ పిలుపులున్నవారికి ఆ రెండు గంటల ముందూ వెనకా సమావేశాలుంటాయి, వారంలో పరిచర్య సందర్శనలు (సభ్యుల ఇళ్లకు వెళ్లి బాగోగులు చూడడం) ఉంటాయి, ముఖాముఖీలుంటాయి. సోమవారం కుటుంబ గృహ సాయంకాలం, అంటే ఇంటిల్లిపాదీ కలిసి గడిపే సాయంత్రం. అన్నీ కలిపి బరువైన పిలుపుకి వారానికి పది, పన్నెండు గంటలు పక్కన పెట్టుకోవాల్సిందే.

ఆ పదిహేను గంటల్ని ఎక్కడ పెట్టాలి? పనికొచ్చే అమరిక ఇలా ఉంటుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా తెల్లవారుజామున గంటన్నర చొప్పున ఏడున్నర గంటలు. మంగళ, బుధవారాల్లో పిల్లలు పడుకున్నాక గంట చొప్పున రెండు గంటలు. గురువారం సాయంత్రం పాత్‌వే విద్యార్థుల వారపు కూడికకు ఒక గంట. శనివారం నాలుగున్నర గంటలు. మొత్తం పదిహేను. సోమవారం సాయంత్రాన్నీ ఆదివారాన్నీ ముట్టుకోకపోవడం ఈ అమరికకు ప్రాణం. సోమవారం సాయంత్రాన్ని ఒక్కసారి చదువుకి వదిలేస్తే పిల్లలు రెండోసారి గుర్తుచేస్తారు, మూడోసారి అడగడం మానేస్తారు. అది చదువుకి ఇవ్వదగ్గ ధర కాదు.

పనినంతా శనివారానికి తోసేయడం మొదటి సెమిస్టర్లో అందరూ చేసే పొరపాటు. అది కుదరదు, ఎందుకంటే చర్చా విభాగంలో ముందు మీ జవాబు పెట్టాలి, ఆ తరవాత తోటి విద్యార్థుల జవాబులకు స్పందించాలి. మీరు శనివారం రాత్రి మొదటి జవాబు పెడితే, దానికి ఎవరైనా బదులిచ్చేలోపు వారం అయిపోతుంది. ఇతరుల జవాబులు కూడా వేర్వేరు దేశాల వేళల్లో వస్తాయి. మంగళవారం ఉదయానికి మొదటి జవాబు పెట్టేసినవారికి శనివారం సగం ఖాళీ.

గడియారం సంగతి ఇంకా కీలకం. దీన్ని ఎవరూ ముందుగా వివరించకపోవడం పాత్‌వేలో మాకు కనిపించే పెద్ద లోపం. వారం ముగింపు గడువు సాధారణంగా శనివారం రాత్రి 11:59. అయితే అది అమెరికా మౌంటెన్ టైమ్. సబ్బాతు దినం, అంటే ఈ సంఘంలో ఆదివారం, విద్యార్థికి ఖాళీగా ఉండాలని శనివారంతో ముగించారు, ఉద్దేశం చాలా మంచిది. కానీ మన దగ్గర అదే గడియ ఆదివారం మధ్యాహ్నం 12:29 అవుతుంది. అక్కడ వేసవి కాలమానం నడిచే నెలల్లో ఉదయం 11:29. అంటే ఐడహోలో ఆదివారాన్ని కాపాడడానికి పెట్టిన గడువు హైదరాబాదులో సరిగ్గా సంస్కార కూడిక (ఆదివారపు ముఖ్య ఆరాధన) మీదికి వచ్చి కూర్చుంటుంది. చర్చి హాలు బయట మెట్ల మీద ఫోనులో వ్యాసం పంపించే పరిస్థితి ఇలాగే వస్తుంది. ఇంకా సమయం ఉంది కదా అన్న ఆలోచనే ఇక్కడ ఉచ్చు.

మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారం గంట ముందుకు జరుగుతుంది, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి వస్తుంది. జనవరిలో మొదలైన సెమిస్టర్లో రెండు నెలలు ఆదివారం పన్నెండింటికి పంపడం అలవాటైనవారు మార్చి మధ్యలో ఒక వారం మార్కులు మొత్తంగా పోగొట్టుకుంటారు. మందు తేలిక. పాఠాలుండే కాన్వాస్‌లో అకౌంట్‌లోకి వెళ్లి, సెట్టింగ్స్‌లో ఎడిట్ నొక్కి, టైమ్ జోన్ దగ్గర చెన్నై గానీ కోల్‌కతా గానీ ఎంచుకోండి. అప్పుడు గడువులన్నీ మన వేళలోనే కనిపిస్తాయి. ఆ తరవాత వాటిని పట్టించుకోకుండా, ఇంటి క్యాలెండరు మీద శనివారం రాత్రి తొమ్మిదిని మీ సొంత గడువుగా రాసుకోండి. కరెంటు పోయినా, నెట్ ఆగినా, పక్కవీధిలో పెళ్లి మైకులు మోగినా చేతిలో పద్నాలుగు గంటలకు పైగా మిగిలి ఉంటుంది.

వారపు కూడిక ఈ చదువుకి గుండెకాయ. మామూలుగా గురువారం సాయంత్రం, చర్చి భవనంలోనో జూమ్‌లోనో జరుగుతుంది. సేవా మిషనరీ దంపతులు చూసుకుంటారు. పాఠం చెప్పేది మాత్రం వారు కాదు, వంతులవారీగా విద్యార్థే నడిపిస్తాడు. ముందుగా చదువుకుని రావడం, ఒకరికొకరు నేర్పుకోవడం, తరవాత ఆలోచించి రుజువు చేసుకోవడం అనే బీవైయూ–ఐడహో పద్ధతి ఇది. నాలుగు మాటలు ఇంగ్లీషులో మాట్లాడడానికి వణికేవాళ్లు ఏడాది తిరిగేసరికి గంటసేపు చర్చ నడిపించడం పాత్‌వేలో కొత్త సంగతి కాదు. ఈ ఒక్క ఫలితం కోసం చేరినా తప్పులేదనిపిస్తుంది.

అయితే గురువారం సాయంత్రం ఇంటి సంగతేమిటి? భార్యాభర్తలిద్దరూ ఒకేసారి చేరితే కూడిక వేళ పిల్లల్ని చూసేవారుండరు. జూమ్ కూడికలో కెమెరా ముందు కూర్చుని, ఒడిలో పాపకు అన్నం పెడుతూ చర్చ నడిపించడం ఒకసారి ముచ్చటగా ఉంటుందేమో గానీ ప్రతివారం కుదరదు. ఒకరు ఒక సెమిస్టరు ముందు, రెండోవారు వెనక చేరడం మేలు. అలా చేస్తే ముందు చదివినవారి నోట్సు కూడా కలిసొస్తుంది. అత్తగారో అమ్మగారో తోడున్న ఇల్లయితే, వారానికి ఒక సాయంత్రమే కదా అని చివరి నిమిషంలో చెప్పకుండా, ఏడాది పొడుగునా ప్రతి గురువారమని ముందే చెప్పి ఒప్పించుకోవాలి.

పిలుపు గురించి బిషప్‌తో మాట్లాడటానికి మనవాళ్లు వెనకాడతారు. అది విశ్వాసం తగ్గినట్టు కనిపిస్తుందేమోనని భయం. సంఘపు సాధారణ చేతిపుస్తకం మాటే వేరు. పరిచర్య నియామకం కాక, సాధారణంగా ఒక్కొక్కరికి ఒకే పిలుపు ఇవ్వాలని, పిలిచేముందు ఆ మనిషి కుటుంబ పరిస్థితిని ఆలోచించాలని నాయకులకే అది చెబుతోంది. చిన్న బ్రాంచీల్లో (వార్డు కంటే చిన్న సంఘాల్లో) మనుషులు తక్కువ కాబట్టి ఒకరి మీద రెండు మూడు పిలుపులు పడతాయి. అలాంటప్పుడు చదువు మొదలుపెట్టాక అలసిపోయి మొరపెట్టుకోవడం కంటే, చేరడానికి నెల ముందే గంటల పట్టిక కాగితం మీద రాసి తీసుకెళ్లి చూపించండి. విడుదల అడగాల్సిన పని లేదు. గురువారం సాయంత్రం, శనివారం ఉదయం ఏ సమావేశమూ పెట్టవద్దని, సందర్శనలకు తోడు ఒకరిని ఇవ్వమని అడగండి. కాగితం మీద అంకెలు చూసిన నాయకుడికి సాయం చేయడం తేలిక.

మిషన్‌కి (పూర్తికాల సువార్త సేవకు) వెళ్లబోయే పిల్లలకు వేరే లెక్క. అబ్బాయిలకు 24 నెలలు, అమ్మాయిలకు 18 నెలల సేవ. ఆ కాలంలో సాధారణంగా వేరే చదువు ఉండదు. సెమిస్టరు మధ్యలో పిలుపు లేఖ వచ్చినా, బయల్దేరే తేదీని సెమిస్టరు ముగిశాక పెట్టుకోవాలి. సగంలో ఆపేస్తే కట్టిన ఫీజు పోతుంది, రికార్డులో మచ్చ మిగులుతుంది, తిరిగొచ్చాక మొదటికొస్తుంది.

మన దగ్గరున్న ప్రత్యామ్నాయాలతో పోలిస్తే? డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైంది, 1991లో అంబేడ్కర్ పేరు పెట్టుకుంది. తెలుగు మాధ్యమంలో చదవొచ్చు, పట్టాకి ఇక్కడి ప్రభుత్వ ఉద్యోగాల్లో విలువ గురించి ఎవరూ ప్రశ్నించరు. ఉద్యోగస్తుల కోసమని తరగతులు ఆదివారాలు, సెలవు దినాల్లో పెట్టడం మిగతా అందరికీ వరం, సంఘంలో పిలుపున్నవారికి మాత్రం నేరుగా ఢీకొంటుంది. ఆదివారం తరగతి మానేసి సొంతంగా పుస్తకాలు చదువుకుని పరీక్ష రాయగల క్రమశిక్షణ ఉన్నవారికి అదే మంచి దారి, ఖర్చూ తక్కువ. ఇగ్నో విషయమూ దాదాపు అంతే. ఎవరో ఒకరు వారం వారం చెయ్యి పట్టుకుని నడిపిస్తే తప్ప ముందుకు సాగని వారికి పాత్‌వే నప్పుతుంది.

ఇంగ్లీషు దగ్గర మొహమాటం వద్దు. పాఠాలు, చర్చలు, వ్యాసాలు అన్నీ ఇంగ్లీషులోనే. తెలుగు మాధ్యమంలో పది చదివి ఆపేసినవారు నేరుగా చేరితే పదిహేను గంటలు ముప్పయ్యవుతాయి, మూడో వారంలో మానేస్తారు. సంఘంలోనే నడిచే ఇంగ్లీష్‌కనెక్ట్ తరగతుల్లో ముందు కొన్నాళ్లు కూర్చోవాలి. తెలుగులో రాసి యంత్రంతో అనువదించి పెట్టే అలవాటు మొదటినుంచే వద్దు. బోధకులు పట్టుకుంటారు, అన్నిటికంటే ముందు విశ్వవిద్యాలయ నైపుణ్యాల కోర్సుకి వచ్చేసరికి చేతిలో సొంత వాక్యం ఉండదు. లాప్‌టాప్ తప్పనిసరి అనే అనుకోండి. చదవడానికీ జూమ్‌కీ ఫోను సరిపోతుంది గానీ, ఫోను తెర మీద స్ప్రెడ్‌షీట్ సూత్రాలు రాయడం కళ్లకీ ఓపికకీ పరీక్ష. పాత లాప్‌టాప్ అయినా చాలు.

ఫీజు దేశాన్ని బట్టి వేరుగా ఉంటుంది, మన దేశానికి అమెరికా ధర కంటే బాగా తక్కువ. క్రెడిట్‌కి ఇంత అని లెక్క కాబట్టి, ఒక కోర్సే తీసుకుంటే దానికే కట్టాలి. అవసరమున్నవారికి ఉపకార వేతనాలున్నాయి. సంఘపు నిరంతర విద్యా నిధి గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. అప్పటి సంఘ అధ్యక్షుడు గోర్డన్ బి. హింక్లీ 2001 మార్చి 31న ప్రకటించిన ఈ నిధి దానం చేయదు, అప్పు ఇస్తుంది. చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్నవారు తిరిగి కడితే ఆ డబ్బుతో మరొకరు చదువుతారు. కట్టకపోతే దెబ్బ తగిలేది వరసలో వెనకున్న సహోదరికి. దశమభాగం, అద్దె, పిల్లల ఫీజులు పోగా వాయిదా కట్టగలరో లేదో ముందే లెక్క చూసుకుని తీసుకోవాలి.

పాత్‌వేకనెక్ట్ దాటాక డిగ్రీ దశలో మొదట సర్టిఫికెట్ వస్తుంది. పన్నెండు నుంచి పదిహేను క్రెడిట్ల చిన్న కట్ట: వెబ్ ప్రోగ్రామింగ్, ప్రాజెక్టు నిర్వహణ, సోషల్ మీడియా మార్కెటింగ్ లాంటివి. ఇలాంటి సర్టిఫికెట్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ డిగ్రీకి చేరతారు. ఈ మధ్య 120 క్రెడిట్లకు బదులు తొంభై పైచిలుకుతో ముగిసే మూడేళ్ల బ్యాచిలర్ డిగ్రీలు వచ్చాయి. కుటుంబం ఉన్నవారికి ఈ అమరిక బాగా మేలు చేస్తుంది: కాన్పు వచ్చినా, బిషప్‌గా పిలుపు వచ్చినా, ఆగిన చోట చేతిలో ఒక సర్టిఫికెట్ ఉంటుంది. ఒక జాగ్రత్త: ఈ దశలో ఏడు వారాల్లో ముగిసే కోర్సులుంటాయి. పద్నాలుగు వారాల పని ఏడు వారాల్లోకి వస్తే గంటలు రెట్టింపు. మూడు క్రెడిట్ల కోర్సు ఒక్కటే వారానికి పద్దెనిమిది గంటలు తింటుంది. బరువైన పిలుపున్నవారు ఒకేసారి రెండు తీసుకోకూడదు.

ప్రభుత్వ ఉద్యోగాల సంగతి సూటిగా చెప్పాలి. గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంకు పరీక్షలు లక్ష్యమైతే ఈ పట్టాను నమ్ముకుని చేరవద్దు. విదేశీ సంస్థ, పైగా ఆన్‌లైన్, పైగా తక్కువ క్రెడిట్లు. ఇక్కడి డిగ్రీతో సమానమనే ధ్రువపత్రం దొరుకుతుందా అన్నది చేరకముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. హైదరాబాదు, బెంగళూరు ప్రైవేటు కంపెనీల్లో, అమెరికా కంపెనీలకు ఇంటినుంచి చేసే పనుల్లో అయితే పరిస్థితి వేరు. అక్కడ చేసి చూపించిన ప్రాజెక్టుకీ మాట్లాడే ఇంగ్లీషుకీ విలువ ఉంటుంది, పాత్‌వే ఆ రెండూ ఇస్తుంది.

ఎప్పుడు చేరాలన్నది చివరి విషయం. దీనికి ఇంటి క్యాలెండరే ఆధారం. జనవరిలో మొదలయ్యే సెమిస్టరు మార్చిలో పది, ఇంటర్ పరీక్షల మీదుగా పోతుంది. ఇంట్లో పరీక్షలు రాసే పిల్లలుంటే ఆ ఏడాది అది వద్దు. ఏప్రిల్‌లో మొదలయ్యేది వేసవి సెలవుల్లో బాగా సాగుతుంది, జూన్‌లో బడులు తెరిచి పుస్తకాలు, యూనిఫాంల పరుగు మొదలయ్యే సరికి సగం దాటి ఉంటారు. సెప్టెంబరు సెమిస్టర్లో దసరా సెలవులు ఊపిరి తీసుకోవడానికి పనికొస్తాయి. దాని మధ్యలో అక్టోబరు మొదటి వారాంతంలో సర్వసభ్య సమావేశం (ప్రపంచవ్యాప్తంగా సంఘ సభ్యులంతా చూసే సమావేశం) వస్తుంది. అక్కడ ఉదయం పదింటి సభ మనకు శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు మొదలవుతుంది. మీరు గోడ మీద రాసుకున్న రాత్రి తొమ్మిది గడువుకి అరగంట తరవాత. ఆ వారం శుక్రవారానికే పని ముగించి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.